పాఠం 9: అన్ని బ్రౌజర్లలోనూ చదవగలిగే తెలుగు వెబ్‌పుట - ఒక విమర్శ

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- ఒక తెలుగు వెబ్‌పుట ఒక బ్రౌజర్‌లో సరిగా కనబడి మరొక దానిలో చెడిపోవడానికి కారణాలు గుర్తించగలుగుతారు.
- తెలుగు వెబ్‌సైట్ల తొలినాటి పద్ధతుల్లోని గుణదోషాలను వివరించగలుగుతారు.
- అన్ని చోట్లా 'ఒకేలా కనబడటం', అన్ని చోట్లా 'చదవగలగడం' అనే రెండు ఆదర్శాల మధ్య తేడా చెప్పగలుగుతారు.
- ఒక సాదా పుటను తయారుచేసి, దాన్ని మీరే విమర్శించుకోగలుగుతారు.

9.1 ఉపోద్ఘాతం

వెనుకటి పాఠాల్లో హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ మూలాంశాలు నేర్చుకున్నారు. పుట తయారుచేయడం ఒక విద్య, తయారైన పుట మంచిచెడ్డలు నిర్ణయించడం మరొక విద్య. కావ్యాన్ని విమర్శించేవాడు అది ఎవరికోసం పుట్టింది, వారికి అందిందా అని అడుగుతాడు. వెబ్‌పుటనూ అదే ప్రశ్న అడగాలి. అది ఎవరికోసం పెట్టారు? వాళ్ళు చదవగలిగారా?

2015 ప్రాంతంలో అమలాపురంలో సంపర్క తరగతులు చెబుతున్నప్పుడు రాజోలు దగ్గరి లంక గ్రామం నుంచి వచ్చే ఒక అమ్మాయి పరీక్ష రుసుము కట్టకుండా ఉండిపోయింది. ఎందుకు కట్టలేదమ్మా అని అడిగాను. "ఆయ్, చూశానండి మాస్టారూ. ఫోన్లో తెరిచానండి. అవి తెలుగూ కాదండి, ఇంగ్లీషూ కాదండి. మా తమ్ముడు చూసి ఫోను పాడైపోయిందన్నాడండి" అంది. ఆమె ఫోను తీసుకుని చూశాను. పుటలో గడువు తేదీ ఉంది. అయితే దాని చుట్టూ ఉన్న తెలుగు మాటలన్నీ లాటిన్ అక్షరాల చెత్తగా మారి ఉన్నాయి. అంకెలు కనబడుతున్నా, అవి దేని గడువో తెలిసే దారి లేదు. పుట పెట్టిన సంస్థవారి గదిలోని కంప్యూటర్‌లో అది చక్కగానే ఉంది. ఆ అమ్మాయికి మాత్రం ఆరు నెలలు పోయాయి.

ఫోను పాడవలేదు. అమ్మాయి పొరపాటూ లేదు. తప్పు పుటది. ఆ తప్పు ఎక్కడ పుట్టిందో తెలియాలంటే తెలుగు వెబ్ చరిత్రలో కొంత వెనక్కి వెళ్ళాలి.

9.2 అక్షరం బొమ్మ అయిన కాలం

1990ల చివర తెలుగు పత్రికలు ఇంటర్నెట్‌లోకి వచ్చినప్పుడు మామూలు కంప్యూటర్‌కు తెలుగు తెలియదు. ఆ లోటు పూడ్చడానికి ఒక ఉపాయం కనిపెట్టారు. ఫాంటులో ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు ఉండవలసిన గదుల్లో తెలుగు ముక్కలు - తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు - కూర్చారు. కంప్యూటర్ అవి లాటిన్ అక్షరాలే అనుకుంటుంది. ఫాంటు మాత్రం వాటి స్థానంలో తెలుగు ఆకారాలు చూపిస్తుంది. ఈనాడు, వార్త వంటి పత్రికలు ఎవరి ఫాంటు వారు వాడుకున్నాయి. ఒక ఫాంటులో 'క' ఉన్న గదిలో మరొక ఫాంటులో ఏ ఒత్తో ఉండేది. అందువల్ల ఒక పత్రిక వార్తను మరొక పత్రిక ఫాంటుతో చదవడం కుదిరేది కాదు.

మరి ఆ ఫాంటు పాఠకుడి దగ్గరికి ఎలా చేరాలి? మొదట విడిగా దించుకుని పెట్టుకోమనేవారు. తరువాత 'డైనమిక్ ఫాంట్లు' వచ్చాయి. పుటతోపాటే ఫాంటూ వస్తుంది. మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4తో 'ఎంబెడెడ్ ఓపెన్‌టైప్' అనే పద్ధతి పెట్టింది. నెట్‌స్కేప్ 4 బిట్‌స్ట్రీమ్ వారి 'ట్రూడాక్' పద్ధతిని పట్టుకుంది. ఒకరి ఫాంటు మరొకరికి పనికిరాదు. క్రమంగా నెట్‌స్కేప్ వెనకబడింది, సైట్లు ఎక్స్‌ప్లోరర్ పద్ధతినే నమ్ముకున్నాయి. పుట అడుగున 'ఈ సైటు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో 800 × 600 కొలతలో బాగుంటుంది' అనే పట్టీ మామూలైపోయింది.

ఈ పట్టీని ఒకసారి ఆలోచించి చూడండి. సఖినేటిపల్లి రేవులో నరసాపురం వెళ్ళే పంటు సైకిలునీ, మోటారు సైకిలునీ, కొబ్బరి బస్తానీ, నడిచి వచ్చినవాణ్ణీ ఎక్కించుకుంటుంది. ఫలానా కంపెనీ బండి ఉన్నవారే ఎక్కండి అని రేవులో బోర్డు పెడితే ఊరుకుంటామా? వెబ్‌లో మాత్రం ఊరుకున్నాం. 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ మొదటి పూర్తి కూర్పు వచ్చాక దాన్ని వాడేవారికి తెలుగు పత్రికలు చెత్త అక్షరాలుగా కనబడేవి. ఆ చిక్కు తీర్చడానికి వెన్న నాగార్జున 'పద్మ' అనే పొడిగింపు తయారుచేశారు. అది పాత ఫాంట్ల సంకేతాలను బ్రౌజర్‌లోనే యూనికోడ్‌లోకి మార్చి చూపేది. సైటు చేయవలసిన పని పాఠకుల తరఫున ఒక వ్యక్తి చేశారన్నమాట. తెలుగు వెబ్ చరిత్రలో ఇది మెచ్చుకోవలసిన ఘట్టం, పుటలు పెట్టినవారు ఆలోచించుకోవలసిన ఘట్టం కూడా.

9.3 గుణదోష విచారణ

విమర్శకుడు ఆ కాలానికి న్యాయం చేయాలి. 1999లో తెలుగు పత్రికను అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న పాఠకుడు అదే రోజు చదవాలంటే సొంత ఫాంటు తప్ప మార్గం లేదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికిన మాట నిజం. కానీ కాగితం మీద చోటు ఉంటే చాలదు. అక్షరాలకు గుణింతాలూ ఒత్తులూ కూర్చి చూపే శక్తి కంప్యూటర్‌కు రావాలి. విండోస్ ఎక్స్‌పీతో 2001లో 'గౌతమి' ఫాంటు వచ్చింది. మన గోదావరి పాయ పేరే. అయినా చాలా కంప్యూటర్లలో ప్రాంతీయ భాషల అమరికలోకి వెళ్ళి, సంక్లిష్ట లిపుల పెట్టెలో టిక్కు పెట్టి, విండోస్ సీడీ వేస్తే తప్ప ఒత్తులు సరిగా పడేవి కావు. ఆనాటి నెట్ సెంటర్లలో ఆ సీడీ ఎవరి దగ్గర ఉండేది?

కనుక ఆరంభంలో ఆ ఉపాయం అవసరమే. అవసరం తీరిన తరువాత కూడా అలవాటుగా కొనసాగడమే దోషం. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా యూనికోడ్‌లో మొదలైంది. ఆ తరువాత కూడా చాలా సంస్థలు పాత ఫాంట్లను ఏళ్ళ తరబడి వదలలేదు.

ఈ దోషంలో నాకూ వాటా ఉంది. నేను భాషాశాస్త్రం చెప్పినవాణ్ణి. 2002లో కొత్తపేట, రాజోలు ప్రాంతాల్లో తిరిగి కొబ్బరి పనివారి మాటలూ, పడవవారి మాటలూ సేకరించాను. దింపు, వలుపు, కురిడీ, ముక్కుడు వంటివి తొమ్మిది వందల పైచిలుకు పదాలు, ఒక్కొక్కదానికి అర్థం, ప్రయోగం. వాటిని అందమైన ఒక సొంత ఫాంటులో వెబ్‌పుటలుగా పెట్టాను. అడుగున ఎక్స్‌ప్లోరర్ పట్టీ కూడా గర్వంగా తగిలించాను. పదేళ్ళ తరువాత తెరిస్తే ఒక్క మాట చదవలేకపోయాను. ఫాంటు ఫైలు ఉన్న కంప్యూటర్ ఎప్పుడో పోయింది. అచ్చు తీసిన కొన్ని కాగితాలు దొరికితే, ఒక విద్యార్థి వాటిని చెత్త అక్షరాల పక్కన పెట్టి ఏ గుర్తు ఏ అక్షరమో పోల్చి పట్టిక వేశాడు. దానితో సగానికి పైగా తిరిగి వచ్చాయి. కాగితాల మీద లేని అక్షరాలున్న మాటలు రాలేదు. ఆ మాటలు చెప్పిన పెద్దలను మళ్ళీ అడుగుదామంటే వారిలో చాలామంది ఇప్పుడు లేరు.

దీన్నుంచి నేను నేర్చుకున్నది ఇది. పుటలో నిలవ చేయవలసినది అక్షరం. అక్షరం ఆకారం కాదు. ఆకారాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అక్షరమే పోతే మిగిలేది ఏమీ లేదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 1
సొంత ఫాంట్లతో తయారైన పుటలో ఒక తెలుగు మాటను వెతికితే ఎందుకు దొరకదు? నాలుగు వాక్యాల్లో రాయండి.

9.4 చెడిన పుటను చదివే పద్ధతి

వైద్యుడు నాడి చూసినట్టు, చెడిన పుటను చూడగానే జబ్బు చెప్పగలగాలి. తెలుగు పుటకు ముఖ్యంగా ఐదు లక్షణాలు కనబడతాయి.

1. లాటిన్ అక్షరాలు, గుర్తులు కలగలిసి కనబడటం: పుట సొంత ఫాంటులో ఉంది, ఆ ఫాంటు అందలేదు. పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చడమే మందు.

2. నెత్తిన వాలు గీత ఉన్న చిన్న లాటిన్ 'ఎ' అక్షరమూ, దాని పక్కన డిగ్రీ గుర్తూ పదేపదే రావడం: పాఠం యూనికోడ్‌లోనే ఉంది. కానీ అది యూటీఎఫ్-8 అని బ్రౌజర్‌కు ఎవరూ చెప్పలేదు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. 'అమలాపురం' అనే మాటలో 8 సంకేతాలున్నాయి కనుక 24 బైట్లు. ఆ మూడేసి బైట్లను బ్రౌజర్ మూడు వేరువేరు అక్షరాలుగా చదివితే ఈ వింత వస్తుంది. పుట తలభాగంలో మొట్టమొదటే యూటీఎఫ్-8 అని ప్రకటించాలి, ఫైలును కూడా అలాగే భద్రపరచాలి.

3. వరసగా ఖాళీ డబ్బాలు: సంకేతం సరైనదే, ఆ పరికరంలో తెలుగు ఫాంటు లేదు. తొలినాటి ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇది సామాన్యం. అప్పట్లో చాలామంది ఒపేరా మినీ బ్రౌజర్ అమరికలోకి వెళ్ళి, సంక్లిష్ట లిపులను బొమ్మలుగా చూపమని చెప్పుకుని తెలుగు చదివారు.

4. 'అక్షరం' అనే మాట 'అక్‌షరం' అని విడిపోవడం: ఫాంటు ఉంది, ఒత్తులు కూర్చే యంత్రాంగం లేదు. ఇది పరికరం లోపం. పుట తయారుచేసేవాడు చేయగలిగింది తక్కువ.

5. ఒత్తులు తెగిపోవడం: 'రాష్ట్రం', 'స్త్రీ' వంటి మాటల్లో అడుగున ఉండే ఒత్తు కింది వరుసలో కలిసిపోతుంది, లేదా డబ్బా అంచు దగ్గర నరికినట్టు ఆగిపోతుంది. ఇంగ్లీషు పుటకు పెట్టిన వరుస ఎత్తునే తెలుగుకూ పెట్టడం దీనికి కారణం. ఈ తప్పు పూర్తిగా మనదే.

మూడు, నాలుగు లక్షణాలు నేడు బాగా తగ్గాయి. ఐదోది మాత్రం ఖరీదైన సైట్లలో కూడా కనబడుతుంది. తెలుగు రాని డిజైనరు ఇంగ్లీషు మాటలతో నమూనా గీసి, తరువాత అందులో తెలుగు పోస్తే ఇలాగే ఉంటుంది.

యూనికోడ్ వచ్చినంత మాత్రాన అన్నీ తీరిపోలేదని కూడా గుర్తుంచుకోవాలి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరాన్ని ఏర్పరచే సంకేతాల మధ్య కంటికి కనబడని ఒక విడదీత గుర్తు చేరిన కూర్పు వస్తే ఐఫోన్లలో మెసేజి యాప్‌లు ఆగిపోయాయి. ఆపిల్ సంస్థ అదే నెలలో ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. లోపం అక్షరంలో లేదు, దాన్ని గీసే యంత్రాంగంలో ఉంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ తెలుగు కూర్పుకు 'హార్ఫ్‌బజ్' అనే ఉమ్మడి సాఫ్ట్‌వేర్ వాడతాయి. ఆపిల్ తన సొంత యంత్రాంగం వాడుతుంది. అందుకే ఒక చోట సరిగా ఉన్నది మరో చోట కూడా ఉంటుందని చూడకుండా నమ్మరాదు.

9.5 'ఒకేలా కనబడాలి' అనే భ్రమ

చాలా పాఠ్యగ్రంథాలు అన్ని బ్రౌజర్లలోనూ పుట ఒకేలా కనబడటమే లక్ష్యమని చెబుతాయి. నేను దీనితో ఏకీభవించను. అచ్చు పుస్తకానికి ఆ ఆదర్శం సరిపోతుంది, ఎందుకంటే కాగితం కొలత అచ్చువేసేవాడి చేతిలో ఉంటుంది. వెబ్‌లో కాగితం పాఠకుడిది. 2017లో వచ్చిన జియోఫోన్ తెర 240 × 320 చుక్కలు. బల్లమీది కంప్యూటర్ తెర దానికి ఎన్నో రెట్లు. రెండింటిలోనూ ఒకేలా కనబడే పుట ఏదో ఒకచోట చదవరానిదై తీరుతుంది.

ఒకేలా ఉండాలన్న పంతమే మనవాళ్ళను మరో తప్పులోకి దింపింది. ప్రకటనను బొమ్మగా మార్చి పెట్టడం. బొమ్మ అన్ని చోట్లా ఒకేలా ఉంటుంది నిజమే. కానీ అందులో మాట వెతకలేం, అక్షరం పెద్దది చేస్తే పక్కకు పారిపోతుంది, చూపులేని విద్యార్థికి తెరచదివే సాధనం దాన్ని వినిపించలేదు. సిగ్నల్ సరిగా అందని లంకలో అది పూర్తిగా దిగేసరికి ఓపిక అయిపోతుంది. 1999లో అక్షరాన్ని బొమ్మ చేశామంటే గతిలేక. నేడు చేస్తున్నామంటే అలవాటుతో. అదే పాత తప్పు కొత్త చొక్కా తొడుక్కుంది.

2003లో స్టీవెన్ చాంపియన్, నిక్ ఫింక్ ప్రతిపాదించిన క్రమాభివృద్ధి పద్ధతి మనకు ఎక్కువ పనికివస్తుంది. ముందు పాఠం ఒక్కటే పెట్టు, అది ఎక్కడైనా చదవగలగాలి. దానిమీద అలంకారం. దానిమీద కదలికలు. పై పొర అందకపోయినా కింది పొర నిలబడాలి. 2010లో ఈథన్ మార్కోట్ తెరను బట్టి ఒదిగే రూపకల్పన గురించి రాశారు. దాని సారం కూడా ఇదే: పుట పాత్రను బట్టి నీరులా ఒదగాలి.

9.6 అభ్యాసం: కొబ్బరి ధరల పుట

ఇప్పుడు ఒక చిన్న సైటు ఊహించండి. అంబాజీపేట మార్కెట్ కొబ్బరి ధరలు రోజూ చూపే ఒకే ఒక్క పుట. పాఠకులు: రైతు, వలుపు పనివారు, చిన్న వర్తకుడు, కాకినాడలోనో హైదరాబాదులోనో ఉంటూ ఊళ్ళో తోట ఉన్నవారు. కొత్తకాయ, పాతకాయ, కురిడీలో గండేరా, గటగట, క్వింటాలు లెక్కన తయారీ కొబ్బరి. ఇంతే సరుకు.

తల భాగం: యూటీఎఫ్-8 ప్రకటన, భాష తెలుగు అనే గుర్తు, వ్యూపోర్ట్ ప్రకటన. మూడోది లేకపోతే ఫోను దీన్ని పెద్ద తెర పుట అనుకుని చీమ తలకాయంత అక్షరాలుగా కుదిస్తుంది.

పాఠం: శీర్షిక, దాని కింద తేదీ, తరువాత పట్టిక. తేదీ తప్పనిసరి. నిన్నటి ధర ఇవాళ్టిది అనుకుని సరుకు అమ్మితే నష్టం రైతుదే. పట్టికను పట్టికగానే రాయండి, బొమ్మగా పెట్టవద్దు. రెండే నిలువు వరుసలు చాలు: రకం, ధర. 'వెయ్యి కాయలకు', 'క్వింటాలుకు' అనే కొలత ధర పక్కనే ఉండాలి. ఎక్కడో అడుగున సూచనగా పెడితే చిన్న తెరమీద ఎవరూ చూడరు.

ఫాంట్లు: ఒక్క పేరు రాసి ఊరుకోవద్దు, వరుసగా రాయండి. ఆండ్రాయిడ్‌కు నోటో సాన్స్ తెలుగు, విండోస్‌కు నిర్మలా యూఐ, అంతకు ముందరి విండోస్‌కు వాణి, గౌతమి, ఆపిల్‌కు కోహినూర్ తెలుగు, చివర ఏదైనా సరేననే సామాన్య నామం. మండలి, రామభద్ర, గిడుగు వంటి ఉచిత ఫాంట్లు అందంగా ఉంటాయి. అవి పాఠకుడి ఫోనులోకి దిగడానికి డేటా ఖర్చవుతుంది కనుక శీర్షికకు ఒక్కటి చాలు. అది వచ్చేవరకు ఉన్న ఫాంటులోనే పాఠం కనబడేలా అమర్చండి.

వరుస ఎత్తు: అక్షరం కొలతకు ఒకటిన్నర రెట్లకు తగ్గవద్దు. డబ్బాలకు స్థిరమైన ఎత్తు ఇవ్వవద్దు. వాలు అక్షరాలు తెలుగు సంప్రదాయంలో లేవు, బ్రౌజర్ బలవంతాన వంచితే ఒత్తులు పక్కకు ఒరుగుతాయి. నొక్కి చెప్పడానికి ముదురు అక్షరమో రంగో వాడండి. రెండు అంచులూ సమానంగా కోసే అమరిక ఇరుకు తెరమీద మాటల మధ్య గోతులు తీస్తుంది. తెలుగు సమాసాలు పొడుగు కనుక ఎడమ అంచు అమరికే మేలు, మరీ పొడుగు మాట తెర దాటిపోకుండా విరిగే ఏర్పాటు ఉండాలి.

జావాస్క్రిప్ట్: నిన్నటితో పోలిక చూపే మీట వంటి సదుపాయం పెట్టవచ్చు. ధరలు మాత్రం దానిమీద ఆధారపడకూడదు. అది పనిచేయని బ్రౌజర్‌లో ఖాళీ పుట మిగలకూడదు.

ఇంత తేలికైన పుటకు మరో ఉపయోగం ఉంది. 2022 మే నెలలో అమలాపురం అల్లర్ల తరువాత కోనసీమలో కొన్ని రోజులు మొబైల్ ఇంటర్నెట్ నిలిచిపోయింది. అటువంటప్పుడు, తుపాను వచ్చి టవర్లు పడిపోయినప్పుడు, ముందే దిగి ఫోనులో భద్రపరిచిన సాదా పుట చదవడానికి మిగులుతుంది. ఒక్క కాగితం మీద అచ్చు తీసి పంచాయతీ గోడకు అంటించవచ్చు. అచ్చులో కూడా చదవగలిగే పుటే మంచి పుట అని నేను విద్యార్థులకు చెబుతుంటాను.

9.7 పరీక్షించే పద్ధతి

మీ కంప్యూటర్‌లో బాగుందని తృప్తి పడవద్దు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడూ మూడు వేరు యంత్రాలు. మూడింటిలోనూ చూడండి. 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు మద్దతు ఆపేసింది కనుక దానికోసం ప్రత్యేక ఏర్పాట్లు అక్కర లేదు. అయితే ఆ పట్టీ తగిలించిన పుటల గతి ఏమైందో ఆలోచించండి. ఏలిక మారినప్పుడల్లా పాడయ్యే పుట కట్టవద్దు. నేడు క్రోమ్ ఒక్కదానిలో చూసి సరిపెట్టుకునేవారు చేస్తున్నదీ అదే పొరపాటు.

తరువాత సీఎస్ఎస్ తీసివేసి చూడండి. పాఠం వరుసగా చదవగలిగితే మొదటి పొర గట్టిది. అక్షరాన్ని రెండింతలు చేసి చూడండి. ఒక మాటను వెతికి చూడండి, ఒక వాక్యాన్ని నకలు చేసి మరోచోట అతికించి చూడండి. చివరగా, మీ ఇంట్లో అన్నిటికన్నా పాత ఫోను ఎవరిదో వారి చేతికిచ్చి, ఏమీ చెప్పకుండా, ఇవాళ గటగట ధరెంత అని అడగండి. వారు ఎక్కడ ఆగారో అక్కడ మీ పుటలో దోషముంది.

9.8 సారాంశం

తెలుగు వెబ్ తొలిరోజుల్లో అక్షరాన్ని ఆకారంగా నిలవ చేశారు. అది ఆనాటి అవసరం. అవసరం తీరాక కూడా సాగినందువల్ల ఎంతో పాఠం చదవరానిదైంది. యూనికోడ్ ఆ చిక్కును చాలావరకు విప్పింది. కూర్పు, వరుస ఎత్తు, ఫాంటు ఎంపిక మాత్రం ఇప్పటికీ తయారుచేసేవారి బాధ్యతే. అన్ని బ్రౌజర్లలో ఒకేలా కనబడటం లక్ష్యం కాదు, అన్నిటిలో ఒకే సంగతి అందడం లక్ష్యం. ఆ రాజోలు అమ్మాయి మరుసటి విడతలో పరీక్ష రాసి ఉత్తీర్ణురాలైంది. కానీ ఆ ఆరు నెలలను ఏ పుటా తిరిగి ఇవ్వలేదు.

9.9 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. సొంత ఫాంట్ల కాలపు తెలుగు వెబ్‌సైట్ల గుణదోషాలను విచారించండి.
2. 'ఒకేలా కనబడటం కంటే చదవగలగడం ముఖ్యం' - ఈ అభిప్రాయాన్ని సమర్థించండి లేదా ఖండించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. చెడిన తెలుగు పుటలో కనబడే ఐదు లక్షణాలు, వాటి కారణాలు తెలపండి.
2. ప్రకటనను బొమ్మగా పెట్టడం వల్ల కలిగే నష్టాలు ఏవి?

III. అభ్యాసం
మీ మండలానికి సంబంధించిన ఒక తెలుగు వెబ్‌పుటను రెండు బ్రౌజర్లలో, ఒక ఫోనులో తెరిచి చూడండి. పుట పెట్టినవారికి మర్యాదగా, స్పష్టంగా దోషాలు తెలిపే ఒక పుట లేఖ రాసి సంపర్క తరగతికి తీసుకురండి.